మూడుసార్లు పండని టీకా

ఆ ఏడు మా శిక్షణశాలలో పదిహేనుమంది విద్యార్థినులు ఉండేవారు. పద్నాలుగుమంది చేతుల మీద టీకా మచ్చలు పడ్డాయి. సుందరమ్మ చేతి మీద పడలేదు. జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి, ఏప్రిల్ చివర ఒకసారి వేయించుకుంది. మూడుసార్లూ నాలుగో రోజుకల్లా గీరిన చోట చర్మం మానిపోయి, అక్కడ ఎవరూ సూది పెట్టనట్టే ఉండేది.

మా శిక్షణశాల అల్వాల్‌లో, కంటోన్మెంటు దాటాక, ఒక పాత మిషను బంగళాలో నడిచేది. పల్లెల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం, శుభ్రత, పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పడం, ఇలాంటి పనులకు ఆడవాళ్లను తయారు చేసేవాళ్లం. మొత్తం ఏడాది చదువు. ఆరు నెలలు తరగతిలో, ఆరు నెలలు ఏదో ఒక ఊళ్లో ఉండి పని. ఆ రెండో సగాన్ని అందరూ ‘ఊరిపని’ అనేవారు. ఊరిపని చేయనిదే సర్టిఫికెట్టు లేదు. ఊరిపనికి పంపే ముందు ఒక్కొక్కరికీ అర్హత కాగితం నింపాలి. వయసు, ఏడో తరగతి పాసు, చర్చి సంఘ గురువు ఇచ్చిన నడవడి ఉత్తరం, ఆరోగ్యం, టీకా. నేను ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివానని చివరి రెండు గడులూ నాకు అప్పగించారు. నేను చూసి సంతకం చేస్తేనే ప్రిన్సిపాలమ్మ తన సంతకం చేసేది.

టీకా గడి ఊరికే పెట్టింది కాదు. అంతకు ముందటి ఏడు ఊరిపనికి వెళ్లిన ఒక అమ్మాయి మశూచి సోకి చనిపోయింది. ఆమె కాగితంలో ఎవరో చేయి చూడకుండానే ‘ఉంది’ అని రాసి పంపారు. ఆ రాత నాది కాదు, నేను అప్పటికి ఇంకా చేరలేదు. కానీ ఆ అమ్మాయి పెట్టె ఆమె తల్లి వచ్చి తీసుకుపోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. అప్పటినుంచి మచ్చ కంటితో చూడకుండా సంతకం చేయకూడదన్నది నియమం. మశూచి వచ్చి తగ్గిన గుంటలు ఉన్నా సరేనన్నారు. సుందరమ్మ ముఖం నున్నగా ఉండేది.

సుందరమ్మది మేడ్చల్. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగు కూలీ, ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి ఎలీషమ్మ మిషను బడిలో వంట చేసి కూతురిని ఏడో తరగతి దాకా చదివించింది. దేవసహాయం అనే, పల్లెల్లో వాక్యం బోధించే ఉపదేశికిచ్చి పెళ్లి చేసింది. పెళ్లయిన మూడో ఏడు అతను కలరాతో పోయాడు. అప్పటికి కూతురు ఏసమ్మ ఇంకా పాలు మానలేదు. మా దగ్గర చేరేనాటికి ఆ పిల్లకు నాలుగేళ్లు.

సుందరమ్మ మంచి పొడగరి. తరగతిలో వెనక కూచునేది కానీ మాట ముందు ఆమెదే వినపడేది. ఊళ్లో ఇళ్లకు వెళ్లడం గురించి నేను పుస్తకంలో ఉన్నట్టు చెబుతుంటే ఒకరోజు లేచి, “టీచరమ్మా, మనకు నీళ్లిచ్చే ఇల్లేదో, ఇయ్యని ఇల్లేదో ముందుగాల ఎర్కజేసుకోవాలె. ఇయ్యని ఇంటికాడ పసిపిల్ల ముచ్చట తియ్యాలె. గప్పుడు వాకిట్ల నిలవెట్టి అయినా మాట్లాడ్తరు,” అంది. నేను ఆ మాట నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ తర్వాతి ఏడు నుంచి అదే పాఠంగా చెప్పాను.

ఆమెకు ఈ చదువు ఎందుకు కావాలో అందరికీ తెలుసు. దేవసహాయం అన్న సాలోమోను బొల్లారంలో ఒక దొర ఇంట్లో బట్లరు. తమ్ముడు పోయాక మరదలి బాధ్యత తనదే అనుకున్నాడు. అదే ఇంట్లో ఆమెకు ఆయా పని మాట్లాడి పెట్టాడు. ఆ ఇంట్లో ఆయా తన పిల్లను వెంట ఉంచుకోకూడదు. అందుకని ఏసమ్మను తూప్రాన్‌లో తన భార్య దగ్గర పెంచుతామన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పిల్లకు అన్నం పెడతానన్నాడు, బడికి పంపుతానన్నాడు. సుందరమ్మ ఒక్క ఏడాది గడువు అడిగింది. శామీర్‌పేటలో మా సేవా కేంద్రం పక్కన ఒక గది, చిన్న వంటసాల ఉండేవి. అక్కడ పనిచేసే సేవిక తన పిల్లను తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఆరు నెలల తర్వాత సర్టిఫికెట్టు వస్తే ఆ గదిలోనే కొనసాగవచ్చు. మిగతావాళ్లు ఏ ఊరైనా సరేనన్నారు. ఈమె మాత్రం మొదటి రోజునుంచీ శామీర్‌పేట అనే అంది. ఊరిపని దొరక్కపోతే గడువు అయిపోయినట్టేనని సాలోమోను అప్పుడే చెప్పాడు.

పంతొమ్మిది వందల నలభై అయిదు మే నెలలో సెలవులిచ్చాం. జూన్ పదకొండు, సోమవారం అందరూ ఊళ్లకు బయలుదేరాలి. ఆ వేసవిలో మశూచి బాగా ఉంది. శామీర్‌పేట చుట్టుపక్కల రెండు పల్లెల్లో ఉందని వార్త వచ్చింది. మే చివర ప్రిన్సిపాలమ్మ కాగితాలన్నీ ముందేసుకుని, సుందరమ్మది పక్కన పెట్టింది. పదోతేదీ లోపల టీకా పండి పొక్కు లేస్తే సరే, లేకపోతే శామీర్‌పేటకు ఇంకో అమ్మాయిని పంపుతానంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

నేను ఎంత ఆలోచించినా నాకు కారణం తేలలేదు. ఎండకు టీకా మందు చచ్చిపోతుంది, అది నాకు తెలుసు. కానీ అదే రోజు, అదే గొట్టంలోని మందుతో పక్కన కూచున్న పద్నాలుగుమందికి పండింది. మందు మంచిదే అన్నమాట. ఒంట్లో ముందే రక్షణ ఉంటే పండకపోవచ్చు. చిన్నప్పుడు ఎప్పుడైనా మశూచి వచ్చిందా అంటే రాలేదంది. పశువుల పొదుగు మీద పొక్కులు లేచినప్పుడు పాలు పిండావా అంటే, “మాకు పశువులెక్కడియి టీచరమ్మా,” అని నవ్వింది. ఇక మిగిలింది ఒకటే. మందు వేసిన తర్వాత ఆ చేతికి ఏదో జరుగుతోంది.

మే ముప్పై ఒకటిన ఆమె మేడ్చల్ నుంచి పొద్దుటి రైలుకు వచ్చింది. నేను బంగళా ఆవరణలోనే ఉండేదాన్ని. మా బాబుకు అప్పుడు ఎనిమిదో నెల. పుట్టిన రెండో నెలనుంచే వాడికి చెంపల మీద, మోచేతుల మడతల్లో తామర. పొక్కి, రసి కారేది. వాడి చేతులకు గుడ్డ సంచులు కట్టి, గోకకుండా చూడటమే నా పనిగా ఉండేది. సుందరమ్మ వసారాలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

“మచ్చ ఉన్నదని రాయుండ్రి టీచరమ్మా. నా చెయ్యి ఎవరు సూస్తరు? నిండు చేతుల రైక కుట్టించుకుంట,” అంది.

రాయలేనన్నాను. కిందటేడు పోయిన అమ్మాయి సంగతి చెప్పాను. అది ఆమెకూ తెలుసు.

“నేను సచ్చిపోతే సచ్చిపోత. నా పిల్లను నేను సాదుకుంట సచ్చిపోత,” అంది.

అప్పుడు నేను ఆమె చేయి పట్టుకుని, రైక చేతిని పైకి లాగి చూశాను. టీకా చోటు ఎప్పటిలా నున్నగా ఉంది. కానీ రైక లోపలి వైపు, కుట్టు మడతలో, పసుపు పట్టి ఉంది. ఉతికితే పోయే పైపై మరక కాదు. మాటిమాటికీ రాస్తే దారాల్లోకి ఇంకిన పసుపు. ముఖానికి పసుపు రాసుకునే అలవాటు వాళ్ల ఇళ్లలో లేదు. ఇదేమిటని అడిగాను. వసారా మెట్టు మీద కూచుని చెప్పడం మొదలుపెట్టింది.

టీకాలు వేసే లింగస్వామి అల్వాల్‌కు శనివారం వచ్చేవాడు. హాస్టల్లో ఉండే మిగతా పిల్లలవి దూరపు ఊళ్లు, వాళ్లు అక్కడే ఉండిపోయేవారు. సుందరమ్మ మాత్రం ప్రతి శనివారం టీకా వేయించుకున్నా, వేయించుకోకపోయినా సాయంత్రం రైలెక్కి కూతురి దగ్గరికి పోయేది. ఇంట్లో ఎలీషమ్మ ఆ చేయి చూడగానే వేపాకూ పసుపూ నూరి బలంగా రుద్ది, చల్లతో కడిగేది. ఆదివారం మళ్లీ, సోమవారం పొద్దున రైలెక్కే ముందు ఇంకోసారి. చిన్నప్పుడు బళ్లో టీకా వేసినప్పుడూ అంతే చేసిందట. కూతురిని చూడాలని పరుగెత్తడం వల్లే ఆ కూతురు చేజారే పరిస్థితి వచ్చింది.

“నీకు తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావు?” అని అడిగాను.

రుద్దితే మందు పోతుందని తనకు తెలియదట. మంట తగ్గడానికి రాస్తోంది, రాయనీ అనుకుందట. మూడోసారి కూడా పండకపోయేసరికి అనుమానం వచ్చింది. అయినా నోరు తెరవలేదు. మేడ్చల్ సంఘానికి గురువు సత్యానందం అయ్యగారు. కిందటేడు మశూచి వచ్చినప్పుడు సంఘంలో మూడు కుటుంబాలు పోచమ్మకు బోనం ఎత్తుకుపోయాయి. వాళ్లను ఆయన చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం బల్ల దగ్గరికి రాకుండా ఆపేశాడు. తన ఇంట్లో కూడా వేపాకు, పసుపు, చల్లతో అమ్మవారిని సాగనంపుతున్నారని తెలిస్తే నడవడి ఉత్తరం ఇవ్వడు. ఉత్తరం లేకపోతే అర్హత కాగితంలో ఇంకో గడి ఖాళీ.

“నిజం జెప్తే గా గడి పోతది. జెప్పకపోతే గీ గడి పోతది. ఏ దిక్కుకు దిరిగినా బొల్లారమే నాకు,” అంది.

లెక్క వేశాను. శనివారం, జూన్ రెండున టీకా వేస్తే పదో తేదీకి ఎనిమిదో రోజు. పండేదైతే అప్పటికి ముత్యంలా పొంగి కనపడుతుంది. ఇంక ఒక్క రోజు ఆలస్యమైనా కుదరదు. ఆ ఎనిమిది రోజులూ చేతిని ఎవరూ ముట్టకూడదు. హాస్టలు మూసేశారు. సుందరమ్మ నా వైపు చూసింది. ఏమడుగుతుందో నాకు ముందే అర్థమైంది.

“ఎనిమిది దినాలు మీ వసారల పండుకుంట టీచరమ్మా. లోపలికి రాను.”

నేను కుదరదన్నాను. టీకా పొంగిన చేతి రసి, తామర ఉన్న పసివాడి ఒంటికి తగిలితే ఒళ్లంతా పాకుతుంది. అలా ఒక బిడ్డ పోయిన సంగతి నేను చదువుకున్నాను. బాబుకు నేను టీకా వేయించకపోవడానికి కారణం కూడా అదే. అన్నీ వివరంగా చెప్పాను. అవసరమైన దానికన్నా ఎక్కువే చెప్పాను. వసారాకూ గదికీ మధ్య ఒక్క తలుపే ఉంది. ఆ తలుపును నేను నమ్మలేకపోయాను.

“మీ బిడ్డ మీకు ముందు గద,” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. లేచి రైలుకు వెళ్లిపోయింది.

స్టేషనుకు రమ్మని సుందరమ్మకు కబురు చేసి, శనివారం బాబును మా వారికి అప్పగించి మేడ్చల్ వెళ్లాను. ఇంట్లో చోటు ఇవ్వలేని దాన్ని, వాళ్ల తల్లితో మాట్లాడి అయినా చూద్దామనుకున్నాను. శిక్షణశాలకు సెలవులు కనుక లింగస్వామి ఆ శనివారం మేడ్చల్ స్టేషను బయట రేకుల షెడ్డు కింద కూచుని ఉన్నాడు. మందు గొట్టాలను తడిగుడ్డలో చుట్టి కొత్త కుండలో పెట్టుకున్నాడు. సుందరమ్మను చూడగానే గుర్తుపట్టాడు.

“మల్ల వచ్చినవా? నీది చెయ్యా, తుమ్మ మొద్దా? ఎన్నిసార్లు నాటినా మొలుస్తలేదు,” అన్నాడు.

“నాటుడు నీకొస్తలేదేమొ, నాకేం దెల్సు,” అంది సుందరమ్మ. షెడ్డు కింద ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. ఎప్పటిలా రెండు చోట్ల కాకుండా నాలుగు చోట్ల గీరమన్నాను. అతను నా ముఖం చూసి, ఇంకేం అడగకుండా నాలుగు చోట్ల గీరి మందు రాశాడు. ఆరేదాకా అక్కడే కూచున్నాం.

వాళ్లది క్రైస్తవుల పేటలో ఒక గది ఇల్లు. ఎలీషమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఏసమ్మ పక్కన కూచుని రాళ్లు ఏరుతోంది. మమ్మల్ని చూసి ఎలీషమ్మ చాట కింద పెట్టింది. కూతురి చేయి చూసింది. వెంటనే లేచి, ఇంటి వెనక వేపచెట్టు వైపు నడిచింది. నేను ఆపి కూచోబెట్టాను. నాకు తెలిసినదంతా చెప్పాను. టీకా అంటే మశూచిని పిలవడం కాదని, ఆవుకు వచ్చే చిన్న జబ్బును చేతికి అంటిస్తారని, దాన్ని గెలిచిన ఒంట్లోకి పెద్ద జబ్బు రాదని, రుద్దితే ఆ మేలంతా పోతుందని. తరగతిలో చెప్పిన దానికన్నా బాగా చెప్పాననుకున్నాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

“నువ్వు సదివినవు బిడ్డా, నేను బొందవెట్టిన,” అంది. “ఇద్దరిని. నాలుగు దినాల ఎడంల. అప్పటికి మేం ఇంక దేవుని నమ్ముకోలె. టీకాలాయన వచ్చి ఏసి పోయిండు, వారం దినాలకు తల్లి పోసింది. చేతిల నిలవెట్టిన అమ్మను సల్లబరిచి సాగదోలకపోతిమి, ఇంట్లకే వచ్చె.”

ఆ పిల్లలకు టీకా వేసేనాటికే జబ్బు సోకి ఉంటుందని నాకు తోచింది. మశూచి సోకాక బయటపడటానికి పన్నెండు రోజులు పడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇద్దరు పిల్లల్ని పూడ్చిన మనిషికి ఆ లెక్క చెప్పి ఏం లాభమని మింగేశాను.

అప్పుడు సుందరమ్మ మాట్లాడింది. తల్లి ముందు నేల మీద కూచుంది. “అమ్మా, గీ చెయ్యి పండకపోతే నాకు శామీర్‌పేట లేదు. నేను బొల్లారం పోవుడే. ఏసమ్మ తూప్రాన్ పోతది. మనింట్ల నువ్వొక్కదానివే ఉంటవు,” అంది.

ఎలీషమ్మకు ఆ సంగతి తెలియదు. సాలోమోను గడువు గురించి తెలుసు కానీ, ఊరిపనికీ చేతి మీది మచ్చకూ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. ముందే ఎందుకు చెప్పలేదని కూతురి మీద కేకలేసింది. చెబితే నువ్వు అయ్యగారి భార్యతో అంటావని భయపడ్డానంది కూతురు. ఎలీషమ్మ చాలాసేపు రాళ్లు ఏరే మనవరాలి వైపే చూస్తూ ఉండిపోయింది.

చివరికి ఒప్పుకుంది. చేయి ముట్టదు. కానీ పిలిచిన అమ్మను ఇంట్లో తొమ్మిది రోజులు ఉంచుకుంటే చేయాల్సినవి చేయాలంది. వంటలో తాలింపు వేయకూడదు, ఎవరూ తలంటుకోకూడదు, వాకిలికి వేపమండ కట్టాలి. తాలింపుకూ టీకాకూ సంబంధం లేదు, నాకేం అభ్యంతరం లేదు. వేపమండ అనగానే మాత్రం సుందరమ్మ అడ్డుపడింది.

“అయ్యగారు సూస్తరు,” అంది.

“సూడనీ.”

పోనీ లోపలి వైపు కట్టమన్నాను. తలుపు మూస్తే కనపడదన్నాను.

“లోపల దాసిపెట్టెతందుకు గదేమన్న దొంగసొమ్మా?” అంది ఎలీషమ్మ. “మండ లేకుంటె నేను చెయ్యి కడుగుత. మీ ఇష్టం.”

నేను అక్కణ్ణించి బయలుదేరేసరికి మండ కట్టేసింది. తిరుగు రైల్లో నా చేతులు నేనే చూసుకుంటూ కూచున్నాను. ఇంటికి రాగానే నూతి దగ్గరే స్నానం చేసి, చీర మార్చుకుని, అప్పుడు బాబును ఎత్తుకున్నాను.

ఆ వారం రోజులు లెక్కపెడుతూ గడిపాను. నాలుగో రోజున ఎర్రగా చిన్న పొక్కు లేవాలి. లేచిందో లేదో తెలియదు. కబురు లేదు. గురువారం మధ్యాహ్నం సత్యానందం అయ్యగారు స్వయంగా శిక్షణశాలకు వచ్చాడు. ప్రిన్సిపాలమ్మ ఊళ్లో లేదు. వసారాలో బెంచీ మీద కూచుని, సుందరమ్మకు ఇచ్చిన నడవడి ఉత్తరం వెనక్కి తీసుకోవడానికి వచ్చానన్నాడు. ఎలీషమ్మ ఇంటి వాకిలికి వేపమండ ఉందని ఇద్దరు చెబితే నమ్మలేదట, తానే పోయి చూశాడట.

నేను అంతా చెప్పేశాను. దాచి లాభం లేదు. మండ తల్లిదని, కూతురు వద్దన్నదని, మండ లేకపోతే టీకా చెరిపేసేదని చెప్పాను.

ఆయన కోపిష్టి కాదు. బాగా అలసిపోయినట్టున్నాడు. “ఇల్లు ఒకటే కదమ్మా,” అన్నాడు. “ఈ ఇంటికి ఊరుకుంటే, కిందటేడు ఆపేసిన మూడు ఇళ్లవాళ్లు నన్నేం అడుగుతారు? రేపు ఈ పిల్ల శామీర్‌పేటలో సంఘం పేరు మీద ఇంటింటికీ తిరుగుతుంది. ఏం నేర్పుతుంది?”

టీకా నేర్పుతుందన్నాను. తన ఇంట్లోనే తల్లి చేతినుంచి టీకాను కాపాడుకున్న మనిషి ఇంకెవరికన్నా బాగా నేర్పుతుందన్నాను. ఆయన, ఆదివారం ఆరాధన తర్వాత పెద్దల ముందు అడుగుతానని, అప్పటిదాకా ఉత్తరం మా దగ్గరే ఉండనిమ్మని లేచాడు.

ఆదివారం జూన్ పది. మేడ్చల్ చర్చిలో ఆరాధన అయ్యాక ఆడవాళ్లు బయటికి నడుస్తుంటే, ఎలీషమ్మనూ సుందరమ్మనూ ఆగమన్నారు. చేయి చూడాలని పొద్దుటి రైలుకు వచ్చిన నేనూ ఆగాను. నలుగురు పెద్దలు, అయ్యగారు బల్ల దగ్గర కూచున్నారు. సుందరమ్మ నిండు చేతుల రైక తొడుక్కుని వచ్చింది. జ్వరం ఉన్నట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. అది మంచి గుర్తో, చెడ్డ గుర్తో నేను అడగడానికి వీల్లేదు.

మండ ఎవరు కట్టారని అయ్యగారు అడిగాడు.

“నేను గట్టిన,” అంది ఎలీషమ్మ. “నా బిడ్డ వద్దన్నది. కొట్లాడింది. ఆమెకు సంబంధం లేదు. ఇల్లు నాది, వాకిలి నాది.”

అది తప్పని ఒప్పుకుంటావా అన్నాడొక పెద్ద.

“మీరు తప్పంటే తప్పే. నేను అడ్డం జెప్ప. గని రేపటిదాంక తియ్య. తొమ్మిది దినాలు గావాలె.”

పెద్దల్లో ఒకాయన విసుక్కున్నాడు. తప్పంటూనే తీయననడం ఏమిటన్నాడు. ఇప్పుడే పోయి తీసేస్తే మందలించి వదిలేద్దామన్నాడు ఇంకొకాయన. సుందరమ్మ తల్లి వైపు చూసింది. మండ తీసేస్తే తల్లి ఇంటికి పోగానే ఏం చేస్తుందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. తీయమని తల్లిని అడగలేదు. అడగకుండా ఉండటం ఆమెకు ఎంత కష్టమైందో ముఖంలో కనపడుతూనే ఉంది.

ఎలీషమ్మే మళ్లీ మాట్లాడింది. “నన్ను ఆపుండ్రి. బల్లకాడికి రానియ్యకుండ్రి. ఎన్ని నెలలన్నా సరే. ఆమె కాయితం ఆమెకియ్యుండ్రి.”

అయ్యగారు పెద్దలతో తక్కువ గొంతుతో మాట్లాడాడు. ఆరు నెలలు ఎలీషమ్మకు ప్రభు భోజనం లేదన్నారు. ఉత్తరం ఉండనిచ్చారు. బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి ఆమె ఒక్క నెల కూడా తప్పిపోలేదని తర్వాత సుందరమ్మ చెప్పింది. ఆ తీర్పు విన్నప్పుడు ఎలీషమ్మ కొంగు సరిచేసుకుంది, అంతే. బయటికి వెళ్లి మెట్ల మీద కూచుంది.

నేను సుందరమ్మను పక్క గదిలోకి తీసుకుపోయి రైక చేయి పైకి మడిచాను. నాలుగు గీతల్లో రెండు ఎండిపోయాయి. మిగతా రెండు చోట్ల, ఎర్రటి వలయం మధ్యలో, బూడిద రంగు ముత్యంలా పొంగి, నడుమ చిన్న గుంట పడి ఉంది. నేను ఎన్నో చేతుల మీద చూసిందే. అయినా రెండుసార్లు వెలుతురులోకి తిప్పి చూశాను. ముట్టలేదు.

“పండిందా?” అంది.

పండిందన్నాను. ఆమె తల తిప్పి బయట మెట్ల వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. “మా అమ్మకెట్ల జెప్పాలె?” అంది.

కాగితం అక్కడే నింపాను. ఆ సాయంత్రం ప్రిన్సిపాలమ్మ సంతకం కూడా అయింది.

సోమవారం తల్లీకూతుళ్లు అల్వాల్ రోడ్డు మీద శామీర్‌పేట బస్సు దగ్గర నిలబడ్డారు. పెట్రోలు దొరకని రోజులు, బొగ్గు మండించి నడిపే బస్సు. డ్రైవరు బస్సు వెనక ఉన్న కొలిమి రాజేస్తున్నాడు. సుందరమ్మకు ఒక పెట్టె, ఒక చాప, శిశువుల్ని తూచే కాటా. ఎలీషమ్మ మనవరాలిని చంకనెత్తుకుని ఉంది. ఆ మండ ఆ పొద్దున తీసిందో లేదో నేను అడగలేదు. నేను కొంచెం దూరంగానే నిలబడ్డాను, ఇంటికి పోయి బాబును ఎత్తుకోవాలి కనుక.

ఎలీషమ్మ నా వైపు తిరిగింది. “అక్కడ పోరికి గూడ ఏస్తరా?” అని అడిగింది.

వేస్తారన్నాను. గురువారం లింగస్వామి శామీర్‌పేటకే వెళ్తున్నాడని, ఆ చుట్టుపక్కల జబ్బు ఉంది కాబట్టి పిల్లకు తప్పకుండా వేయించాలని చెప్పాను.

సుందరమ్మ బస్సెక్కి చేతులు చాచింది. ఎలీషమ్మ పిల్లను అందించింది కానీ, పిల్ల ఎడమ చేయి మాత్రం వదల్లేదు. భుజం కింద, టీకా వేసే చోట, వేళ్లన్నీ కలిపి పట్టుకుంది. బస్సు కదిలేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.